చెయ్యి ఊపాలా, తలాడిస్తే చాలా? సైకిల్ పలకరింపుల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం హైదరాబాద్ శివార్లలో గండిపేట దగ్గర టీకి ఆగినప్పుడు, కొత్తగా రోడ్డు సైకిల్ కొన్న కుర్రాడొకడు గ్లాసు చేతిలో తిప్పుతూ కాసేపు నసిగి అడిగాడు: "అక్కా, పొద్దున్నుంచి ఎదురొచ్చినవాళ్లలో పదిమందికి చెయ్యి ఊపాను. నలుగురే తిరిగి ఊపారు. నాది చీప్ సైకిలనా?"

పక్కవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మొదటి ఏడాది నేనూ ఇలాగే లెక్కపెట్టుకున్నదాన్నే. పదకొండేళ్లుగా ఈ రోడ్ల మీద తొక్కుతున్నాను. అందులో ఆరేళ్లు మా వారాంతపు రైడ్లకు స్వీప్‌ని. స్వీప్ అంటే అందరికంటే వెనక వచ్చే మనిషి. పంక్చరైనవాళ్లని, కాళ్లు పట్టేసినవాళ్లని ఏరుకుంటూ రావడం పని. వెనకుండి చూస్తే ముందున్న ముప్పైమందిలో ఎవరు ఎవర్ని ఎలా పలకరిస్తున్నారో, ఎవరు పలకరించకుండా తల తిప్పుకుంటున్నారో అంతా కనిపిస్తుంది. ఆ కుర్రాడికి టీ చల్లారేలోపు చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తిరిగి పలకరించలేదంటే పొగరు.

వాస్తవం: ముందు లెక్క చూడండి. మీరు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు, ఎదురొచ్చే ఆయనా అంతే. అంటే మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు దాదాపు 14 మీటర్ల చొప్పున తరిగిపోతోంది. తెల్లవారుజామున మసక వెలుతురులో మనిషి తన వైపే చూస్తున్నాడని తెలిసేది ఓ ముప్పై మీటర్ల దగ్గర. ఇక మిగిలింది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో ఆయన మీ చెయ్యి చూడాలి, అది తనకే అని అర్థం చేసుకోవాలి, తన చెయ్యి హ్యాండిల్ మీంచి తియ్యాలి. ఈలోపు ముందు గుంతో, మూత సరిగ్గా కూర్చోని మ్యాన్‌హోలో ఉంటే? మన రోడ్ల మీద అవి ఉండకపోతేనే వింత.

నా మీదా ఈ నింద పడింది. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకాయన లిఫ్ట్‌లో ఎదురుపడి, "మీరు సైకిలెక్కితే మమ్మల్ని గుర్తుపట్టరండీ" అన్నారు. ఆ రోజు నా కళ్లద్దాలకు ఆవిరి పట్టి ముందు చక్రం కూడా సరిగ్గా కనపడలేదు. ఎంత చెప్పినా ఆయన నమ్మినట్టు లేదు. పదిమందిలో నలుగురు తిరిగి ఊపారంటే నా లెక్కలో అది మంచి రోజు.

అపోహ: చెయ్యి ఎత్తి ఊపితేనే పలకరింపు.

వాస్తవం: ఇది విదేశీ వీడియోలు నేర్పిన అలవాటు. అక్కడ చాలా దేశాల్లో బండి కుడిపక్కన నడుస్తుంది కాబట్టి ఎదుటివాడు ఎడమ చేతివైపు నుంచి వస్తాడు. ఎడమ చెయ్యి ఎత్తితే వాడికి ఎదురుగా కనిపిస్తుంది. మనం నడిచేది ఎడమ పక్కన. ఎదురొచ్చేవాళ్లు మన కుడివైపు నుంచి పోతారు. వాళ్లకు బాగా కనిపించేది కుడి చెయ్యి. మన దగ్గర చాలా సైకిళ్లకు ముందు బ్రేకు ఉండేది ఆ చేతికే. గట్టిగా ఆపగలిగేది ముందు బ్రేకే కాబట్టి, ఆ చెయ్యి గాల్లో ఉన్నప్పుడు కుక్క అడ్డం వస్తే మీకు మిగిలేది వెనక బ్రేకు, ఇష్టదైవం. మీ సైకిల్‌కి ఏ చేతిది ఏ బ్రేకో ఒకసారి నిలబడి నొక్కి చూసుకోండి. ఏళ్లుగా తొక్కుతూ ఇది తెలియనివాళ్లు మా గుంపులోనే ఇద్దరు తేలారు.

నేను చేసేది ఇంతే: అరచెయ్యి బ్రేకు మీదే ఉంచి రెండు వేళ్లు పైకి లేపుతాను, తల కొంచెం కిందికి దించుతాను. ఆ తలాడించడంలోనూ తేడా ఉంది. గడ్డం పైకెత్తితే మన దగ్గర "ఏంటి సంగతి?" అని అర్థం. తోటివాడికైతే పర్వాలేదు. అరవై దాటిన పెద్దమనిషికి అలా ఎగరేస్తే ఆయన ఇంటికెళ్లేదాకా అదే ఆలోచిస్తాడు. తల దించితే ఎవరికైనా సరిపోతుంది.

అనంతగిరి కొండ దిగేటప్పుడు మాత్రం ఆ రెండు వేళ్లు కూడా లేపను. ఎక్కేటప్పుడైతే ఎదుటివాళ్లు మూలిగితే అదే గుడ్ మార్నింగ్ అనుకోవాలి. గచ్చిబౌలి జంక్షన్ లాంటి ట్రాఫిక్‌లో అసలు ఎవరినీ పలకరించనక్కర్లేదు.

అపోహ: దాటి వెళ్లేటప్పుడు "ఆన్ యువర్ లెఫ్ట్" అనాలి.

వాస్తవం: అనకండి. ఇదీ అక్కడి సరుకే. అక్కడ కుడిపక్కన పోయేవాణ్ని ఎడమవైపు నుంచి దాటుతారు. మనం దాటేది కుడివైపు నుంచి. మీరు కుడివైపు నుంచి వస్తూ "లెఫ్ట్" అని అరిస్తే, ముందున్నవాడు మీరు ఎడమవైపు వస్తున్నారనుకుని పక్కకు జరుగుతాడు, సరిగ్గా మీ చక్రం కిందికి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచాక ఈ కేక మరీ ఎక్కువైంది. ట్రాక్ వెడల్పు నాలుగున్నర మీటర్లు. రెండువైపులా వచ్చేవాళ్లు, వారం కిందట సైకిల్ నేర్చుకున్న పిల్లలు, ఫొటోలకు ఆగినవాళ్లు అందరూ అందులోనే.

పది పదిహేను మీటర్ల ముందే ఒకసారి బెల్లు కొట్టి "రైట్, రైట్" అనండి. లేదా మామూలుగా "అన్నా, కుడిపక్క వస్తున్నా" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఖరీదైన సైకిల్‌కి బెల్లు అందం కాదని తీసేసేవాళ్లని చూస్తుంటాను. లక్షన్నర పెట్టి కొని, నోటితో "ట్రింగ్ ట్రింగ్" అంటూ పోయేవాణ్ని కూడా చూశాను.

అపోహ: ఆడవాళ్లు ఒంటరిగా తొక్కుతుంటే పక్కన చేరి కాస్త మాట్లాడితే వాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

వాస్తవం: ఇది కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే చెప్పేవాళ్లు తక్కువ. పొద్దున ఐదుంపావు, ఇంకా చీకటే. శంకర్‌పల్లి రోడ్డు మీద నేనొక్కదాన్నే. వెనక గేరు మారిన చప్పుడు టక్కుమని వినిపించింది. దాటి వెళ్లడు, వెనక్కి తగ్గడు, మాట్లాడడు. నా టైరు వెనక రెండడుగుల దూరంలో నాలుగు కిలోమీటర్లు. చివరికి ఆగి పక్కకు జరిగితే, "థాంక్స్ మేడమ్, మంచి డ్రాఫ్ట్ దొరికింది" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. పాపం, ఎదురుగాలి తప్పించుకోవడానికి నా వెనక చేరాడంతే. ఆ నాలుగు కిలోమీటర్లు నా గుండె ఎంత కొట్టుకుందో అతనికి తెలియదు. మణికట్టుకున్న వాచీకి మాత్రం తెలుసు.

పరిచయం లేని మనిషి వెనక చేరాలంటే, ఆడైనా మగైనా, ముందు పక్కకు వచ్చి ముఖం చూపించి అడగాలి. వద్దంటే వెళ్లిపోవాలి. ఊరికే దాటి వెళ్తుంటే దూరం నుంచే గొంతు వినిపించండి, "గుడ్ మార్నింగ్" అనండి, అదే వేగంతో ముందుకు పొండి. దాటాక నెమ్మదించకండి. ఆడమనిషి తనను దాటిందని ఉక్రోషంతో తొక్కి ముందుకొచ్చి, ఆయాసంతో మళ్లీ నెమ్మదించి, మళ్లీ నాతో దాటించుకునే మహానుభావులు ప్రతి ఆదివారం ఒకరైనా తగులుతారు. పేరు, ఇంటి అడ్రసు, ఎక్కడ పనిచేస్తారు వంటివి రోడ్డు మీద అడగొద్దు. ఇంటికెళ్లి స్ట్రావాలో, అంటే రైడ్లు నమోదు చేసుకునే యాప్‌లో, వెతికి పట్టుకోవద్దు. పిలుపంటారా, అక్కా అన్నా మేడమ్ అన్నా నాకు ఒకటే. ఆంటీ అన్నవాణ్ని మాత్రం తర్వాత వచ్చే ఎత్తు మీద చూసుకుంటాను.

అపోహ: హెల్మెట్, జెర్సీ ఉన్నవాళ్లనే పలకరించాలి. మిగతావాళ్లు సైక్లిస్టులు కారు.

వాస్తవం: ఈ మాట నోటితో ఎవరూ అనరు. కానీ వెనక నుంచి చూస్తే తెలిసిపోతుంది. ఎదురుగా జెర్సీ వస్తే ముప్పై చేతులు లేస్తాయి. ఆ వెనకే పేపర్ల కట్టతో కుర్రాడొస్తే ముప్పై ముఖాలూ రోడ్డు వైపు తిరుగుతాయి. సెక్యూరిటీ డ్యూటీ దిగి ఇంటికెళ్లేవాళ్లు, సైట్ పనికి టిఫిన్ డబ్బా తగిలించుకుని పోయే మేస్త్రీలు, పాల ప్యాకెట్లు వేసేవాళ్లు వానలోనూ చలిలోనూ, గేర్లు లేని ఇరవై కిలోల ఇనుప సైకిల్ మీద సరుకు వేసుకుని తొక్కుతారు. మనం తొక్కేది ఆదివారం, అది కూడా వాతావరణం చూసుకుని.

నాకు ఇది తెలిసొచ్చిన రోజు ఒకటుంది. చిలుకూరు దాటాక పగిలిన సీసా పెంకు మీదికి ఎక్కించాను. నా దగ్గర కొత్త ట్యూబు ఉంది, పంపు ఉంది. కానీ టైరు పక్కగోడ వేలెడు పొడవున చీలింది. గాలి కొడితే ఆ చీలికలోంచి ట్యూబు బుడగలా బయటికి తన్నుకొస్తోంది. సైకిల్ తలకిందులుగా పెట్టి కూర్చున్నాను. ఆ అరగంటలో జెర్సీలు ఏడు పోయాయి. అందరూ "గుడ్ మార్నింగ్" అన్నారు. ఒకాయన బొటనవేలు పైకెత్తాడు. నేను అలవాటుకొద్దీ తిరిగి ఎత్తాను. అంతా బాగుందనుకుని వెళ్లిపోయాడు, ఆయన తప్పేం లేదు.

ఆగింది పాల ప్యాకెట్లు వేసే పెద్దాయన. "ఏమైంది బిడ్డా, గాలి పోయిందా?" అంటూ స్టాండ్ వేశాడు. నా ట్యూబు వాల్వ్ వంక చూసి, "గింత సన్నగున్నది, దీంట్ల గాలి ఎట్ల పడ్తది?" అని ఆశ్చర్యపోయాడు. చీలిక మీద వేలు పెట్టి చూసి, తన క్రేటులోంచి కారిపోయిన ఖాళీ ప్యాకెట్ తీశాడు. నా సీసాలో నీళ్లతో కడిగి, నాలుగు మడతలు పెట్టి, టైరు లోపల చీలిక దగ్గర పరిచాడు. "ట్యూబు దీని మీదికెల్లి పెట్టు. నా బండికి నెల సంది గిదే ఉన్నది." గాలి కొట్టాను, బుడగ రాలేదు. నాలుగు మడతలు పెడితే పాల ప్యాకెట్ ప్లాస్టిక్ అంత తేలిగ్గా సాగదు, అందుకే ట్యూబును లోపలే ఆపుతుంది. కొంచెం తక్కువ గాలితో ఇంటిదాకా ఇరవై రెండు కిలోమీటర్లు తొక్కుకుంటూ వచ్చాను. అప్పట్నుంచి నా సీటు కింది సంచిలో ట్యూబుతో పాటు కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ ముక్క ఉంటుంది.

కాబట్టి ఆగిపోయిన మనిషి కనిపిస్తే గుడ్ మార్నింగ్ కాదు చెప్పాల్సింది. "అంతా ఓకేనా?" అని అడగాలి. అడిగితే జవాబు వినేంత నెమ్మదిగా పోవాలి. సైకిల్ తలకిందులుగా ఉంటే అడగకుండానే ఆగాలి. ఆగిపోయినది మీరైతే, మొహమాటానికి బొటనవేలు ఎత్తకండి. అరచెయ్యి చూపించి ఆపండి.

అపోహ: రాత్రి రైడ్లలో లైటు కొట్టి పలకరించాలి.

వాస్తవం: కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ముఖం మీద లైటు పడితే కాసేపు రోడ్డు కనిపించదు. బ్రెవేలు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు రైడ్లు, తొక్కేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో ముగించాలి, 300కి ఇరవై గంటలు, 400కి ఇరవై ఏడు. కాబట్టి పెద్ద దూరాల్లో రాత్రి తప్పదు. ఎదుట సైకిల్ కనపడితే లైటు కిందికి వంచండి, లేదా వేలు అడ్డం పెట్టండి. రాత్రిపూట అంతకంటే మంచి నమస్కారం లేదు. నోటితో ఒక్క మాట చాలు. తెల్లవారుజామున మూడింటికి, నిద్ర ముంచుకొచ్చే వేళ, ఎవరో "ఎంతైంది అన్నా?" అని అడిగితే వచ్చే తెలివి టీతో కూడా రాదు.

నాలుగేళ్లకోసారి ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు 2023లో వెళ్లొచ్చిన మావాళ్లు రైడ్ కంటే పలకరింపుల గురించే ఎక్కువ చెప్పారు. 1200 కిలోమీటర్ల దారి పొడవునా ఊళ్లవాళ్లు ఇళ్ల ముందు బల్లలు వేసి నీళ్లు, కాఫీ పెట్టుకుని కూర్చుంటారట. "బోన్ కురాజ్" అంటారట, ధైర్యంగా వెళ్లిరండి అన్నట్టు. వింటుంటే ముచ్చటేసింది గానీ, మన పల్లెలేం తక్కువ తినలేదు. వికారాబాద్ వైపు ఓసారి గొర్రెల మందను దాటించే తాత ఒకాయన, నేను తలదించగానే కర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించి "శనార్తి బిడ్డా" అన్నాడు. టౌన్లో ఆ మాట విని ఎన్నేళ్లయిందో.

పిల్లలైతే రోడ్డంచున నిలబడి చెయ్యి చాపుతారు, తట్టిపొమ్మని. వేగంలో ఉంటే తట్టకండి, వాళ్ల చెయ్యికీ మీ హ్యాండిల్‌కీ మంచిది కాదు. నెమ్మదిస్తే తట్టండి, లేకపోతే గట్టిగా టాటా చెప్పండి. ఇక పెద్దవాళ్ల పలకరింపు ఎక్కడైనా ఒకటే: "సైకిల్ ఎంత పడ్డది?" కొత్తవాళ్లు దీన్ని వెటకారం అనుకుంటారు. కాదు, అది మన "హలో". నిజం చెప్తే, "గంతకు మోటరే వస్తది కదా" అంటారు. నేను "సెకండ్ హ్యాండ్" అని ఊరుకుంటాను. అది అబద్ధం కూడా కాదు, కొనిచ్చింది మా ఆయన.

ఈ ఆదివారం ఆ కుర్రాడు నా ముందే తొక్కుతున్నాడు. నార్సింగి దగ్గర పేపర్ల కట్ట క్యారియర్ మీద కట్టుకుని ఓ అబ్బాయి ఎదురొచ్చాడు. మావాడు చెయ్యి ఎత్తబోయి, ఆపుకుని, రెండు వేళ్లు లేపి తల దించాడు. పేపరబ్బాయి దాటిపోతూనే వెనక్కి తిరిగి అరిచాడు:

"అన్నా, సైకిల్ ఎంత పడ్డది?"