షీటు మీద ‘తగినంత’

తిరుపతిలో మందుల షాపుకెళ్లి “ఈ మాత్రలో గోధుమ ఉందా?” అని అడిగి చూడండి, కౌంటర్ దగ్గరి అబ్బాయి మిమ్మల్ని వింతగా చూస్తాడు. అతని తప్పేం లేదు. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని సీలియాక్ జబ్బు ఎక్కువగా వినిపించేది రొట్టెలు తినే ఉత్తరాదిలో. చిత్తూరు వైపు సంగటి తినేవాళ్లకు ఆ పేరే కొత్త. ఇక్కడ ఆ జబ్బున్నవాళ్లకు సంగటితో భయం లేదు, రాగుల్లో గ్లూటెన్ ఉండదు. టెన్షనల్లా మాత్రతోనే.

మాత్రల షీటు వెనక మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. రంగు పేరు కూడా ఉంటుంది. మిగతాదంతా “ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్.” అన్న మాటలో సర్దేస్తారు. ఎక్సిపియెంట్స్ అంటే అసలు మందుతో పాటు మాత్రలో కలిపే పదార్థాలు. క్యూ.ఎస్. అంటే లాటిన్‌లో సరిపడా అని, మన వంటల పుస్తకాల్లో “ఉప్పు తగినంత” లాగా. మాత్రను ముద్దగా పట్టి ఉంచే, కడుపులో విడిపోయేలా చేసే స్టార్చ్ ఆ ‘తగినంత’లోనే ఉంటుంది. చాలావరకు మొక్కజొన్నదే. గోధుమది కాదని మాత్రం షీటు చెప్పదు.

మన మందుల చట్టం 1940 నాటిది, నిబంధనలు 1945 నాటివి. కలిపే పదార్థమే ప్రాణం తీయగలదని అప్పటికే తెలుసు: 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందును కరిగించడానికి వాడిన డైఎథిలీన్ గ్లైకాల్ వందమందికి పైగా బలితీసుకుంది. కానీ అది విషం భయం. రోజూ తినే గోధుమ కొందరికి పడదన్న సంగతి వేరు. నెదర్లాండ్స్ పిల్లల డాక్టర్ విల్లెం డికే దాన్ని సిద్ధాంతవ్యాసంగా రాసింది 1950లో.

రంగుల దారి వేరుగా నడిచింది. టార్ట్రజిన్ అనే పసుపు రంగు కొందరికి పడదని, మందుల మీద దాని పేరు వేయాలని 1979లో అమెరికా ఆదేశించింది. స్టార్చ్‌కు ఆ యోగం పట్టలేదు. అక్కడి 2004 అలర్జీ చట్టం తిండి వరకే. మందుల్లో గ్లూటెన్ గురించి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ముసాయిదా సూచనలు 2017లో వచ్చాయి, అవీ తప్పనిసరి కావు. గోధుమ స్టార్చ్ వాడినా మాత్రకు అర మిల్లీగ్రాము గ్లూటెన్ మించదని ఎఫ్‌డీఏ అంచనా. గ్లూటెన్ లేదని అమ్మే వంద గ్రాముల రొట్టెలో 2 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. కాబట్టి హడలిపోయేంత ప్రమాదం కాదు. కాకపోతే ఏళ్ల తరబడి రోజుకు నాలుగైదు మాత్రలు మింగేవాళ్లు అడిగితే తప్పేముంది?

మన దేశంలో 2020 నిబంధనల ప్రకారం బిస్కెట్ ప్యాకెట్ మీద గోధుమ ఉందని రాయాలి. 2023 ఆగస్టు 1 నుంచి 300 మందుల బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ వచ్చింది. స్కాన్ చేస్తే కంపెనీ, బ్యాచ్, గడువు తేదీ, లైసెన్స్ నంబరు కనిపిస్తాయి. స్టార్చ్ దేనిదో కావాలంటే కంపెనీకి ఫోన్ చేయాల్సిందే.