చెన్నైలో చిన్న కుటుంబం: ముందే అందిన ఫలం, ఇప్పుడొచ్చిన ఖర్చు

టి.నగర్‌లో నేను మధ్యాహ్నం భోంచేసే ఆంధ్రా మెస్ యజమాని ఆరుగురు సంతానంలో నాలుగోవాడు. ఆయనకు మాత్రం ఒక్కతే కూతురు, ఆడిటర్ దగ్గర ఉద్యోగం చేస్తోంది. పప్పు గిన్నె పట్టుకొని “మారు వడ్డించమంటారా అండీ?” అని తెలుగులో అడిగే కుర్రాడిది బీహార్.

ఆరు ఒకటిగా మారడం ఇక్కడ ఒక్క తరంలో జరిగినట్టు కనిపిస్తుంది గాని, దాని వెనుక చాలా కాలం ఉంది. సంతాన నియంత్రణ స్త్రీ స్వేచ్ఛకు సంబంధించిన విషయమని పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమం 1930ల నాటికే వాదించింది. 1952లో దేశవ్యాప్త కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక, ఆపరేషన్ చేయించుకున్నవారికి డబ్బు ఇచ్చే పద్ధతిని మద్రాసు రాష్ట్రం 1950లలోనే చేపట్టింది. అయితే డబ్బు కన్నా బడి ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం. కామరాజ్ తెచ్చిన మధ్యాహ్న భోజనాన్ని ఎంజీఆర్ 1982లో విస్తరించారు. ఆడపిల్లలు చదివారు, శిశు మరణాలు తగ్గాయి, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం తల్లులకు కలిగింది. 1993 నాటికే తమిళనాడు సంతానోత్పత్తి రేటు (ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య), జనాభా స్థిరంగా నిలవడానికి అవసరమైన 2.1కి దిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అది 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7.

ఫలం ముందే అందింది. ఒళ్లో పసిబిడ్డలు తగ్గి, సంపాదించే వయసువారి వాటా పెరిగిన కాలంలోనే శ్రీపెరంబుదూరు చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. దేశంలోని మహిళా ఫ్యాక్టరీ కార్మికుల్లో 40 శాతానికి పైగా ఈ రాష్ట్రంలోనే ఉన్నారు.

ఖర్చు ఆలస్యంగా వచ్చింది. 2011లో పదిమందిలో ఒకరుగా ఉన్న అరవై దాటినవారు 2036కి ఐదుగురిలో ఒకరవుతారని అధికారిక అంచనా. పింఛను, వైద్యం భారం పెరిగే ఆ వేళకే కేంద్ర పన్నుల పంపకం లెక్కా మారింది: రాష్ట్రాల వాటాలు తేల్చే 15వ ఆర్థిక సంఘం 1971 జనాభాను పూర్తిగా పక్కనపెట్టి 2011 లెక్కలను తీసుకుంది, అంటే జనాభా నెమ్మదిగా పెరిగిన రాష్ట్రాలకు నష్టం. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలకు ఊరటగా 12.5 శాతం వెయిటేజీ ఇచ్చినా అసంతృప్తి చల్లారలేదు. 1976లో స్తంభింపజేసిన లోక్‌సభ స్థానాల లెక్క ఈ వివాదానికి తోడైంది: కొత్త జనాభా ప్రకారం మళ్లీ పంచితే దక్షిణాది వాటా తగ్గుతుందని భయం. ఇక పొరుగున, ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసింది.

ఛఠ్ పండుగకు ఆ కుర్రాడూ అతని తోటివాళ్లూ ఊరెళితే మెస్‌లో రాత్రి భోజనం ఉండదు. బీహార్ సంతానోత్పత్తి రేటు కూడా 2015–16, 2019–21 జాతీయ సర్వేల మధ్య 3.4 నుంచి 3.0కి తగ్గింది.