టీబీ, శానిటోరియం: గోదావరి జిల్లాల్లో ఇంకా వినబడే అపోహలు - వాస్తవాలు

టీబీ అని చెప్పగానే పాలకొల్లు, నరసాపురం వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ అడిగే మాట: "విశ్రాంతిపురం పంపేత్తారాండీ?" రాజమండ్రి దగ్గర లూథరన్ మిషన్ వాళ్లు నడిపిన శానిటోరియం అది, అంటే టీబీ రోగులను నెలల తరబడి ఉంచి చూసే ఆసుపత్రి. ఛాతీ వైద్యుడిగా నేను రోజూ తుడవాల్సిన భయాల్లో సగం ఆ కాలానివే.

అపోహ: అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగిరారు.

వాస్తవం: తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. 1882లో రాబర్ట్ కాక్ క్రిమిని కనిపెట్టాడు గానీ, దాన్ని చంపే మందు 1940ల దాకా లేదు. అప్పటిదాకా డాక్టరు చేతిలో ఉన్నవి మంచం, తిండి, తెరిచిన వరండా. కొందరికి పక్కటెముకల మధ్య సూది గుచ్చి, ఛాతీలోకి గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసేవారు. ఆ గాలి ఒంట్లో ఇంకిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ఎక్కించాలి. నెలల తరబడి అక్కడే ఉంచింది అందుకూ.

అపోహ: మంచి గాలికే జబ్బు తగ్గేది.

వాస్తవం: గాలి క్రిమిని చంపదు. కాకపోతే గది తెరిచి ఉంటే దగ్గులో వచ్చే క్రిములు పలచబడతాయి, పక్కవాళ్లకి ముప్పు తగ్గుతుంది. మన దగ్గర దోమలకి జడిసి చీకటి పడకముందే కిటికీలు బిగించేస్తారు. దోమతెర కట్టుకుని కిటికీ తీయండి. శానిటోరియం నుంచి నేర్చుకోదగ్గ పాఠం నాకు తెలిసి ఇదొక్కటే.

అపోహ: టీబీ పోయింది కాబట్టే శానిటోరియాలు మూతపడ్డాయి.

వాస్తవం: టీబీ ఎక్కడికీ పోలేదు. 1950ల చివర్లో మద్రాసులో పేద రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానిటోరియంలో, రెండోది ఇరుకిళ్లలో తమవాళ్ల మధ్యే. ఇద్దరికీ ఏడాదిపాటు ఒకే మాత్రలు. శానిటోరియం వాళ్లకి తిండి, విశ్రాంతి మెరుగు, బరువూ వాళ్లే ఎక్కువ పెరిగారు. అయినా జబ్బు నయమవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంట్లో మందు వాడినంత మాత్రాన ఇంట్లోవాళ్లకి ముప్పు పెరగలేదు కూడా. 1959లో ఫలితాలు వచ్చాక ప్రపంచమంతటా ఇంట్లోనే ఉండి టీబీ మందులు వాడే పద్ధతికి దారి తెరుచుకుంది, శానిటోరియాల అవసరం తగ్గింది. ఇంత పెద్ద సంగతి పక్క రాష్ట్రంలో తేలితే మన ఊళ్లలో తెలిసినవాళ్లు తక్కువ!

కంచం, గ్లాసు వేరు చేయడం దండగ. టీబీ ఎంగిలితో రాదు, గాలిలో వస్తుంది.

అపోహ: ఒళ్లు చేసిందంటే తగ్గినట్టే.

వాస్తవం: మద్రాసు లెక్క పైన చెప్పాను కదా, బరువు వేరు, నయమవడం వేరు. రెండో నెలకి దగ్గు ఆగి, "తగ్గిపోయిందండీ" అని మాత్రలు మానేసి రొయ్యల చెరువు కాపలాకి వెళ్లిపోయేవాళ్లతోనే మా తలనొప్పి. మామూలు టీబీకి కోర్సు ఆరు నెలలు. పనికి వెళ్లండి, కానీ ముందే టీబీ సూపర్‌వైజర్‌కి చెప్తే చెరువు దగ్గరి పీహెచ్‌సీకి మీ మందులు మారుస్తారు. తిండికిచ్చే నెలకి 1,000 రూపాయలు ఎక్కడున్నా మీ ఖాతాలోనే పడతాయి.