ముద్దల సందుల్లోంచి వెలుగు: రక్తం గ్రూపు చెప్పే చేతి పరికరం

యాంటీ-ఎ ద్రావణం (ఎ గ్రూపు కణాలను పట్టుకునే యాంటీబాడీలు ఉన్నది) తగిలితే ఎ గ్రూపు ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడతాయి. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ఎ, బి, ఓ గ్రూపులను వెల్లడించింది ఇలాంటి ముద్దలను చూసే. ఈనాటి చేతి పరికరమూ వాటినే చూస్తుంది. కాకపోతే కంటికి బదులు ఒక ఎల్‌ఈడీ, వెలుగును కొలిచే ఒక ఫోటోడయోడ్ ఉంటాయి.

ముద్ద కట్టినా కట్టకపోయినా పరికరంలో రక్తం వేసే చిన్న గుంటలో హిమోగ్లోబిన్ అంతే ఉంటుంది. మారేది దాని అమరిక. కణాలు విడివిడిగా పరుచుకుంటే వెలుగును అంతటా అడ్డుకుంటాయి. ముద్దలైతే మధ్యలో ఖాళీలు ఏర్పడి వెలుగు దూసుకుపోతుంది.

ఎల్‌ఈడీకి ఆకుపచ్చ రంగు, దాదాపు 540 నానోమీటర్లు, బాగా నప్పుతుంది. అక్కడ హిమోగ్లోబిన్ గట్టిగా పీల్చుకుంటుంది. పైగా యాంటీ-ఎలో నీలం రంగు, యాంటీ-బిలో పసుపు రంగు కలిపి అమ్ముతారు. ఎరుపు, నీలి కాంతులతో పోలిస్తే ఇక్కడ వాటి బెడద తక్కువ. అయినా రక్తం వేయకముందే ప్రతి గుంటకూ ఖాళీ కొలత తీసి పెట్టుకోవాలి.

930 మైక్రోలీటర్ల సెలైన్‌లో 70 మైక్రోలీటర్ల రక్తం కలిపితే, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 45% ఉన్నవారికి సుమారు 3% కణాల ద్రావణం వస్తుంది. యాంటీ-ఎ, యాంటీ-బి, యాంటీ-డి (గ్రూపు పాజిటివా, నెగటివా చెప్పేది), కంట్రోల్ (యాంటీబాడీ లేనిది) అనే నాలుగు గుంటల్లోనూ ఇదీ, ఆయా గుంట రీఏజెంటూ (పరీక్ష ద్రావణమూ) సమానంగా వేసి కలపాలి. గుంట లోతు 1 మిల్లీమీటరు చాలు. 1 సెంటీమీటరు ఉంటే ఆకుపచ్చ వెలుగు దాదాపు బయటికే రాదు.

తప్పులు ఎక్కువగా జరిగేది కొలతలో కాదు, తీర్పులో. రక్తహీనత ఉన్నవారి ద్రావణంలో కణాలే తక్కువ. ముద్ద లేకున్నా వెలుగు పెరుగుతుంది. అందుకే ఏదో ఒక స్థిరమైన అంకెతో కాకుండా, అదే రక్తపు కంట్రోల్ గుంటతో పోల్చి నిర్ణయించాలి. ఆ కంట్రోల్ లేని పరికరాన్ని నమ్మకూడదు. ప్లాస్మాలో ప్రోటీన్లు ఎక్కువైతే కణాలు నాణేల దొంతరలా పేరుకుంటాయి. అప్పుడు కంట్రోల్‌లోనూ ముద్దలు కనిపిస్తాయి. కణాలను సెలైన్‌తో కడిగి మళ్ళీ పరీక్షించాలి. మూత లేని గుంటలో అంచులు ఆరినా ముద్దల్లాగే అగుపిస్తాయి. బుడగ ఒక్కటి చాలు, కొలత తప్పడానికి.

ఇటీవల వేరే గ్రూపు రక్తం ఎక్కించుకున్నవారిలో కొన్ని కణాలే అతుక్కుంటాయి, వెలుగు మధ్యస్థంగా ఆగుతుంది. కణాలపై యాంటీ-డి పట్టుకునే డి యాంటిజెన్ బలహీనంగా ఉన్నా అంతే. ఇలాంటప్పుడు పరికరం ‘పాజిటివ్’, ‘నెగటివ్’ అని ఊహించకుండా ‘తేలలేదు’ అని చూపించాలి. రక్తం ఎక్కించే ముందు ప్లాస్మాను తెలిసిన ఎ, బి కణాలతో సరిచూడడం, క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం, రోగి రక్తం కలిపి చూడడం) చేయడం ల్యాబ్‌లో ఎలాగూ తప్పవు.