క్యూబా క్షిపణుల కథలో టర్కీ గుట్టు

1962 అక్టోబరు 16 ఉదయం అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ పడకగదిలోంచి ఇంకా బయటికి రాలేదు. జాతీయ భద్రతా సలహాదారు బండీ అక్కడికే వెళ్లి సంగతి చెప్పాడు. రెండు రోజుల కిందట యూ-2 గూఢచారి విమానం తీసిన ఫొటోల్లో క్యూబాలోని సోవియట్ అణు క్షిపణి స్థావరాలు బయటపడ్డాయి. ఫ్లోరిడా కొసకీ క్యూబాకీ మధ్య దూరం దాదాపు నూట యాభై కిలోమీటర్లే.

తర్వాతి పదమూడు రోజుల గురించి చాలాకాలం ఒకే కథ నడిచింది. సోవియట్ అధినేత క్రుశ్చేవ్ కవ్వించాడు, కెనడీ నిబ్బరంగా నిలబడ్డాడు, సోవియట్లు తోకముడిచారు. నిబ్బరం మాట నిజమే. మిగతా కథ సగం దాచి చెప్పింది.

అసలు క్షిపణులు అంతదాకా ఎందుకొచ్చాయి? 1961 ఏప్రిల్‌లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ శిక్షణ ఇచ్చిన సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసులు ఆ దేశాధినేత కాస్ట్రోను కూలదోయడానికి క్యూబా తీరంలోని బే ఆఫ్ పిగ్స్ దగ్గర దిగి, మూడు రోజుల్లో చిత్తయ్యారు. ఆ దాడికి అనుమతి ఇచ్చింది కెనడీయే. తర్వాత కూడా విధ్వంస చర్యలు రహస్యంగా సాగాయి. మరోవైపు టర్కీలో 15, ఇటలీలో 30 అమెరికా జూపిటర్ అణు క్షిపణులు సోవియట్ నేల వైపు గురిపెట్టి ఉన్నాయి. మన గుమ్మం ముందు వాళ్లు పెట్టినప్పుడు వాళ్ల గుమ్మం ముందు మనం పెడితే తప్పేమిటన్నది క్రుశ్చేవ్ లెక్క.

కెనడీ కూడా మొదటిరోజే శాంతిమంత్రం అందుకోలేదు. ఆ రోజు ఆయన మొగ్గు వైమానిక దాడి వైపే. రోజులు గడిచి, వాదనలు విన్నకొద్దీ వెనక్కి తగ్గాడు. బాంబులు వేయాల్సిందేనన్న వైమానిక దళాధిపతి లీమే, కెనడీ జంకును 1938లో మ్యూనిక్‌లో హిట్లర్‌కు లొంగిపోవడంతో పోల్చినా, ఆయన చివరికి నౌకా దిగ్బంధమే ఎంచుకున్నాడు. అంతర్జాతీయ చట్టం ప్రకారం దిగ్బంధం యుద్ధచర్య కిందికి వస్తుంది కాబట్టి దానికి ‘క్వారంటైన్’ అని పేరు పెట్టారు. కరోనా తర్వాత మనకు బాగా అలవాటైన ఆ మాటే!

అసలు గండం అక్టోబరు 27, శనివారం. టర్కీ క్షిపణులు తీసేస్తే మావీ తీసేస్తామని క్రుశ్చేవ్ రేడియోలో ప్రకటించాడు. అదేరోజు క్యూబా మీద యూ-2 విమానాన్ని కూల్చేశారు, పైలట్ మేజర్ ఆండర్సన్ చనిపోయాడు. విమానం కూలితే, దాన్ని కూల్చిన క్షిపణి స్థావరాన్ని దెబ్బతీయాలని ముందే అనుకున్నారు. కెనడీ ఆ ఆదేశం ఇవ్వలేదు. క్యూబాలో అప్పటికే నలభై వేల పైచిలుకు సోవియట్ సైనికులు, యుద్ధరంగంలో వాడే అణ్వాయుధాలు ఉన్నాయి. ఆ ఆయుధాల సంగతి అమెరికన్లకు దశాబ్దాల తర్వాత గానీ తెలియలేదు.

క్రుశ్చేవ్ పెట్టిన టర్కీ బేరం న్యాయంగానే ఉందని, దాన్ని కాదని యుద్ధానికి దిగితే లోకం ఒప్పుకోదని కెనడీ సలహాదారులతో వాదించాడు. చాలామందికి అది మింగుడుపడలేదు. ఆ రాత్రి ఆయన తమ్ముడు రాబర్ట్, సోవియట్ రాయబారి డోబ్రినిన్‌ను పిలిపించాడు. జూపిటర్లను నాలుగైదు నెలల్లో తీసేస్తాం, బయటికి పొక్కితే మాత్రం మాట లేనట్టే అన్నాడు. వైట్‌హౌస్‌లోనే ఈ సంగతి కొద్దిమందికి తెలుసు. ఉపాధ్యక్షుడు జాన్సన్‌కు కూడా చెప్పలేదు.

ఈ మాట మాస్కోకు చేరిన తీరు మరీ విచిత్రం. సోవియట్ ఎంబసీ సంకేతభాషలో రాసిన టెలిగ్రాంను వెస్టర్న్ యూనియన్ కుర్రాడు సైకిల్ మీద వచ్చి తీసుకెళ్లేవాడు. దారిలో ఏ అమ్మాయితోనో కబుర్లకు ఆగకుండా వెళ్తే చాలని దండం పెట్టుకునేవాళ్లమని డోబ్రినిన్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆ ఆలస్యానికి భయపడే క్రుశ్చేవ్ 28న క్షిపణులు తీసేస్తామన్న జవాబును మాస్కో రేడియోలో చదివించాడు. మరుసటి ఏడాది వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా వేసిన హాట్‌లైన్‌కు మూలం ఇదే.

అక్టోబరు 29న టర్కీ ఒప్పందాన్ని ప్రస్తావిస్తూ క్రుశ్చేవ్ రాసిన ఉత్తరాన్ని డోబ్రినిన్ తెచ్చి ఇచ్చాడు. ఇలాంటివి రాతలో ఉండకూడదంటూ రాబర్ట్ దాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. 1963 ఏప్రిల్‌లో టర్కీ జూపిటర్లు చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయాయి. 1964 అక్టోబరులో పార్టీ క్రుశ్చేవ్‌ను గద్దె దించినప్పుడు, క్యూబా సాహసం కూడా ఆయన తప్పుల జాబితాలో చేరింది.

1989 జనవరిలో మాస్కోలో పాతకాలపు అధికారులంతా ఒకచోట కూర్చున్నారు. అక్కడ కెనడీ సలహాదారు సోరెన్సెన్ నోరువిప్పాడు. రాబర్ట్ డైరీల్లో టర్కీ బేరం స్పష్టంగానే ఉందని, వాటి ఆధారంగా వేసిన ‘థర్టీన్ డేస్’ పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు దాన్ని తీసేసింది తానేనని ఒప్పుకున్నాడు.