తగ్గినట్టే తగ్గి తిరిగొచ్చే జబ్బు: ఎం.ఎస్. మీద అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో నా ఓ.పీ.కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పక్షవాతం, మూర్ఛ, తలనొప్పి వాళ్లే. మల్టిపుల్ స్క్లెరోసిస్, మేం ఎం.ఎస్. అనేది, అప్పుడప్పుడే కనిపిస్తుంది. కానీ ఆ ఒక్కరికి పట్టే టైము మిగతా నలుగురికి పట్టదు. జబ్బుతో పాటు రెండు మూడేళ్ల కథ కూడా మోసుకొస్తారు మరి.

గజపతినగరం వైపు నుంచి వచ్చిన 26 ఏళ్ల అమ్మాయి సంగతి చెబుతాను. మొదట కుడికన్ను మసకబారింది, కన్ను తిప్పితే నొప్పి. ఎవరో ఆకుపసరు పోశారు. నెల తిరిగేసరికి చూపు వచ్చేసింది. ఏడాదికి నడుం కింద నుంచి తిమ్మిరి. ఊళ్లో ఆర్.ఎం.పీ. పది బలం ఇంజెక్షన్లు చేశాడు, అదీ తగ్గింది. మూడోసారి కాలు ఈడుస్తూ నడుస్తుంటే తల్లి తీసుకొచ్చింది.

"నరాల బలహీనతంట బాబూ. సూదులేస్తే తగ్గిపోతంది, మల్లీ వస్తంది. ఏటి సేయాలి?"

జబ్బు స్వభావం ఆ తల్లి మాటలోనే ఉంది. ఎం.ఎస్.లో మన రోగనిరోధక శక్తే దారి తప్పి మెదడు, వెన్నుపాము, కంటి నాడిలో కబురు మోసే తీగల మీద ఉండే మైలిన్ అనే పొరను దెబ్బతీస్తుంది. దెబ్బ తగిలిన చోట మచ్చ గట్టిపడుతుంది. స్క్లెరోసిస్ అంటే గట్టిపడటమే. పారిస్‌లో జాన్ మార్టిన్ షార్కో దీన్ని ఒక ప్రత్యేకమైన జబ్బుగా వివరించింది 1868లో. ఎక్కువమందిలో మొదట్లో ఇది దాడులుగా వస్తుంది. కొన్ని వారాలకు వాపు దిగుతుంది, మైలిన్ కొంత మళ్లీ కట్టుకుంటుంది, మనిషి తేరుకుంటాడు. మందు వేసినా, వేయకపోయినా. కాబట్టి ఆ వారాల్లో ఎవరు ఏం ఇస్తే పేరు వాళ్లకే. మొదటిసారి ఆకుపసరుకి, రెండోసారి ఇంజెక్షన్‌కి.

ఈ చిక్కుముడి విప్పడానికి నేను తరచూ పట్టుకునేది ఫ్రాన్స్‌లోని లియోన్ నగరపు న్యూరాలజిస్టు క్రిస్టియన్ కాన్‌ఫావ్రో పనిని. ఆయన చేసింది వినడానికి చాలా చిన్న పని. ఒక్కో రోగికి దాడి ఎప్పుడొచ్చింది, ఎన్నాళ్లుంది, నడక ఎప్పుడు ఎంత తగ్గింది అని దశాబ్దాల పాటు తారీఖులతో రాసిపెట్టుకున్నాడు. మా ఓ.పీ.లో వినిపించే అనుమానాలు కొన్నింటికి జవాబు ఆ తారీఖుల్లోనే ఉంది.

అపోహ: ఇది నరాల బలహీనతే, బి12 సూదులు చాలు.

బి12 లోపం అబద్ధం కాదు. తిమ్మిర్లు, తూలుడు దానివల్లా వస్తాయి, వెన్నుపామును కూడా పాడుచేస్తుంది. అందుకే ముందు రక్తపరీక్ష చేయిస్తాను. లోపం ఉంటే సూదులు పనిచేస్తాయి. లేకపోతే ఆ సూదులు ఎం.ఎస్.ని ఆపవు. పది సూదుల డబ్బు పోవడం చిన్న సంగతి, పోయిన రెండేళ్లు తిరిగి రావు.

ఇంకో చిక్కు మన భాషలో ఉంది. రక్తం పారేదీ మనకు నరమే, కబురు మోసేదీ నరమే. "నరాలు పొంగాయి" అన్నా, "నరాలు చచ్చాయి" అన్నా ఒకటే మాట. సెలైన్ ఎక్కించేది నరానికే కాబట్టి నరాల జబ్బుకి సెలైన్ పనిచేస్తుందని నమ్మేవాళ్లు ఎందరో. నవ్వకండి. ఇటలీలో ఫెరారా సర్జన్ పావొలో జంబోనీ 2009లో అలాంటి మాటే అన్నాడు. మెడలో చెడురక్తం దిగే నాళాలు ఇరుకవడం వల్లే ఎం.ఎస్. అని, బెలూన్ పెట్టి వాటిని విప్పితే తగ్గుతుందని. దేశాలు దాటి వెళ్లి చేయించుకున్నారు జనం. కొందరు మన దేశానికి కూడా వచ్చారు. చేయించుకున్నాక బాగుందన్నారు. ఆకుపసరు కథ ఇక్కడా అదే. చివరికి జంబోనీయే నిలబడి పరీక్ష పెట్టాడు. కొందరికి నిజంగా బెలూన్ పెట్టి, కొందరికి పెట్టినట్టు చేసి, ఎవరికేం చేశారో రోగికి చెప్పకుండా చూశాడు. తేడా రాలేదు. ఈ చికిత్స పనిచేయదు, ఎం.ఎస్.కి చేయవద్దు అని 2017లో తనే ప్రచురించాడు. ఆ సిద్ధాంతం కన్నా ఈ రెండో పేపరు కోసం ఆయన్ని ఎక్కువ గౌరవిస్తాను.

అపోహ: పేరు చెప్పారంటే ఏడాదిలో మంచమే.

కాన్‌ఫావ్రో బృందం 2000లో 1844 మంది చరిత్రను ప్రచురించింది. వాళ్లలో దాడులుగా మొదలైనవాళ్లు 1562 మంది. ఆ గుంపులో సగం మందికి చేతికర్ర అవసరమయ్యే దశ వచ్చేసరికి పట్టిన కాలం సుమారు 23 ఏళ్లు. వాళ్లలో చాలామందికి జబ్బు మొదలైన నాటికి ఇప్పటి మందులు లేవు. జబ్బు నడకను మార్చే మొదటి మందు, బీటా ఇంటర్‌ఫెరాన్, అమెరికాలో అనుమతి పొందిందే 1993లో. మొదటి నుంచీ మెల్లగా ముదిరే రకం వేరు. అందులో అదే దశకు 7 ఏళ్లు. అది తక్కువమందికి వస్తుంది.

ఆ పేపర్లో నాకు టెన్షన్ పెట్టే సంగతి కూడా ఉంది. నడకలో ఒక స్థాయి ఇబ్బంది వచ్చాక, అక్కడి నుంచి కర్ర దశకు చేరే వేగం రెండు రకాల్లోనూ ఇంచుమించు ఒకటే. అంతకుముందు ఎన్ని దాడులు వచ్చాయన్నది పెద్ద లెక్కలోకి రాలేదు. అందుకే ఆ స్థాయి రాకముందే మందు మొదలుపెట్టాలని తొందరపడతాం. కన్ను తేటపడింది కదా అని ఇంటికెళ్లిపోయిన ఏడాది మీద నా కోపమంతా.

అపోహ: పెళ్లి చేయకూడదు, పిల్లల్ని కంటే జబ్బు ముదురుతుంది.

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అమ్మాయిని బయట కూర్చోబెట్టి తల్లిదండ్రులే లోపలికొస్తారు. ఒకప్పుడు డాక్టర్లు కూడా వద్దనే చెప్పేవారు. 1998లో కాన్‌ఫావ్రో బృందం 12 ఐరోపా దేశాల్లో 254 మంది స్త్రీల 269 గర్భాలను మొదటి నుంచీ గమనించి లెక్క చెప్పింది. గర్భానికి ముందు ఏడాదిలో దాడుల రేటు మనిషికి ఏడాదికి 0.7. గర్భం చివరి మూడు నెలల్లో అది 0.2కి పడిపోయింది. కాన్పైన మొదటి మూడు నెలల్లో 1.2కి పెరిగింది, తర్వాత మళ్లీ పాత స్థాయికి దిగింది. బిడ్డకు పాలివ్వడం వల్ల గానీ, నొప్పులు తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు వల్ల గానీ చెడు జరగలేదు.

మన ఇళ్లలో తేడా కొట్టేది ఆ మూడు నెలల దగ్గరే. బాలింతకు కాళ్లు పట్టు తప్పితే వాతం చేసింది, పథ్యం తప్పిందంటారు. తలుపులు మూసి, సాంబ్రాణి వేసి, మరిగే నీళ్లు పోస్తారు. వేడి ఎం.ఎస్. మనిషిని ఏం చేస్తుందో కింద చెబుతాను. ఇంకొకటి, కొన్ని ఎం.ఎస్. మందులు గర్భంలో వాడకూడదు. పెళ్లి కుదిరినప్పుడే ఆ మాట నాకు చెప్పండి, నెల తప్పాక కాదు.

అపోహ: ఎండకి ముదిరిపోయింది.

మే నెలలో ఫోన్లు మోగేది దీనికే. జీడితోటలోనో కళ్లంలోనో గంటసేపు పనిచేశాక చూపు మసక, కాళ్లు బరువు. జర్మన్ కంటి డాక్టరు విల్‌హెల్మ్ ఊట్‌హోఫ్ 1890లోనే దీన్ని గమనించాడు. మైలిన్ చెదిరిన చోట కబురు అంతంత మాత్రంగానే నడుస్తుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా అది తాత్కాలికంగా ఆగిపోవచ్చు. చల్లబడితే మళ్లీ నడుస్తుంది. కొత్త మచ్చ పడలేదు, జబ్బు ముదరలేదు. ఎమ్మారై లేని రోజుల్లో అనుమానం తీర్చుకోవడానికి రోగిని వేడినీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి చూసేవారు. ఆ పరీక్ష పోయినందుకు సంతోషం.

ఎండెక్కక ముందే పని ముగించడం, మెడ మీద తడి తువ్వాలు, గోరువెచ్చని స్నానం, ఇంతే వైద్యం. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఇలాగే అవుతుంది కాబట్టి ముందు అవి చూస్తాం. జ్వరం లేకుండా, చల్లబడ్డాక కూడా 24 గంటలు దాటి కొత్త లక్షణం నిలిచిందంటే మాత్రం రండి.

అపోహ: టీకా వల్లే తిరగబెట్టింది.

కోవిడ్ తర్వాత ఈ మాట ఎక్కువైంది. 2001లో కాన్‌ఫావ్రో బృందం దాడి వచ్చిన 643 మందిని తీసుకుని, దాడికి ముందు రెండు నెలల్లో ఎంతమంది టీకా వేయించుకున్నారో చూసింది. 2.3 శాతం. అదే మనుషులకు దాడి లేని రెండేసి నెలల్లో చూస్తే 2.8 నుంచి 4 శాతం. దాడికి ముందు టీకా పడ్డవాళ్లు ఎక్కువేమీ లేరు. ఆ అధ్యయనం ధనుర్వాతం, హెపటైటిస్ బి, ఫ్లూ లాంటి పాత టీకాల మీద. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు బతికున్న క్రిముల టీకాలు వేయించుకోకూడదు, అది వేరే లెక్క.

అంటుతుందా అని అడుగుతారు. అంటదు. పిల్లలకు వస్తుందా అంటే, అందరికన్నా కొంచెం ఎక్కువ అవకాశం, నూటికి రెండు మూడు. తెల్లవాళ్ల జబ్బు కదా అంటారు. వాళ్లలో ఎక్కువే గానీ మనకు రాదని కాదు.

అపోహ: ఎమ్మారైలో తెల్లమచ్చలుంటే ఎం.ఎస్., స్టెరాయిడ్ బిళ్లలు వాడితే సరి.

బీపీ, షుగరు, మైగ్రేన్ ఉన్నా మచ్చలు కనిపిస్తాయి. మచ్చ ఎక్కడుంది, ఎప్పటిది, మనిషికి ఏమైంది అన్నీ కలిపి చూడాలి. అచ్చం ఎం.ఎస్. లాగే కన్నునీ వెన్నునీ కొట్టే ఎన్.ఎం.ఓ. అనే జబ్బు ఇంకొకటుంది. దాని జాడ పట్టే యాంటీబాడీని 2004లో వాండా లెనన్ బృందం కనిపెట్టింది. పొరపాటున ఎన్.ఎం.ఓ. రోగికి ఇంటర్‌ఫెరాన్ ఇస్తే జబ్బు పెరుగుతుంది. అందుకే ఆ రక్తపరీక్ష రాస్తే విసుక్కోకండి.

స్టెరాయిడ్ దాడిని తొందరగా దించుతుంది, తర్వాతి దాడిని ఆపదు. కంటి నాడి వాపు మీద 1992లో అమెరికాలో 457 మందితో జరిగిన పరీక్షలో, తక్కువ మోతాదు బిళ్లలు మాత్రమే వాడినవాళ్లకు వాపు ఎక్కువసార్లు తిరగబెట్టింది. షాపులో కొనుక్కుని మింగేది సరిగ్గా అదే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఎం.ఎస్. పేరు కూడా ఉంది. పైకి బాగున్నావని ఎవరైనా వెనక్కి పంపితే ఆ మాట చెప్పి అడగండి. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి పాత ఫిల్ములు, రిపోర్టులు అన్నీ పట్టుకెళ్లండి.

ఆ గజపతినగరం అమ్మాయికి మందు మొదలుపెట్టిన రోజున, ఏ కొత్త లక్షణం వచ్చినా గోడ క్యాలెండర్ మీద రాయమన్నాను. ఈమధ్య తల్లి ఆ క్యాలెండర్‌నే చుట్టి తెచ్చింది. మేలో రెండు రోజుల దగ్గర "కళ్లు మసక, సాయంత్రానికి పోయింది" అని ఉంది. సిరిమానోత్సవం రోజున "నడిచి వెళ్లాం" అని రాసుకుంది. మిగతా గళ్లలో పాల లెక్క.