కౌంట్ ఎప్పుడు లేస్తుంది? మూలకణ మార్పిడిపై అపోహలు - వాస్తవాలు

మార్పిడి వార్డులో పొద్దున సీబీసీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టు వచ్చిందంటే చాలు, ఇంటివాళ్లు ముందు అడిగేది కౌంట్, అంటే రక్తకణాల సంఖ్య గురించే. ఈ అపోహల్లో చాలావరకు ఆ టెన్షన్‌లోంచి పుట్టినవే.

అపోహ: కణాలు ఎక్కించాక కూడా కౌంట్ పడిపోతోందంటే మార్పిడి ఫెయిలైనట్టే.

వాస్తవం: కాదు. ముందు ఇచ్చిన పెద్ద డోసు కీమో పాత మూలుగను (ఎముకల్లో రక్తకణాలు తయారయ్యే చోటు) ఖాళీ చేసేస్తుంది. డే జీరో, అంటే మార్పిడి రోజు నాడు ఎక్కించిన మూలకణాలు రక్తంలోంచి ఎముకల్లోకి చేరి, అక్కడ కుదురుకుని, కొత్త కణాలను తయారుచేయాలి. ఈలోపు తెల్లకణాలు 100 కంటే కిందికి దిగడం మేం ముందే అనుకునేదే. మైలోమా (ఒక రకం రక్త క్యాన్సర్) రోగికి తన కణాలే తిరిగి ఎక్కిస్తే న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్లకణాలు) సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో లేస్తాయి. దాత కణాలైతే రెండు మూడు వారాలు, బొడ్డుతాడు రక్తమైతే ఇంకాస్త ఎక్కువ. న్యూట్రోఫిల్స్ వరుసగా మూడు రోజులు 500 గానీ ఆపైన గానీ ఉంటేనే కణాలు కుదురుకున్నట్టు లెక్క. ఒకరోజు 520 చూసి స్వీట్లు పంచకండి, మర్నాడు 400 అయిందని అన్నం మానేయకండి.

అపోహ: బొప్పాయి ఆకు రసంతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయి.

వాస్తవం: ఫ్లాస్కులో దాచి మరీ తెస్తారు! డెంగీ సంగతి వేరు, జ్వరం తగ్గాక ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. ఇక్కడ వాటిని తయారుచేసే మూలుగే ఖాళీగా ఉంది. పైగా కీమో వల్ల నోరు, పేగులు పుండుపడి ఉంటాయి. పచ్చి రసంలోని క్రిములు అక్కడి నుంచి రక్తంలోకి పోతే ఆపడానికి తెల్లకణాలు లేవు. ప్లేట్‌లెట్లు 10 వేల కంటే తగ్గితే మేమే ఎక్కిస్తాం, రక్తస్రావం ఉంటే ఇంకా ముందే. ఆ ప్లేట్‌లెట్ల సంచికి రేడియేషన్ ఇచ్చి తెస్తారు, రక్తం ఇచ్చినవాళ్ల లింఫోసైట్లు (ఇంకో రకం తెల్లకణాలు) రోగి మీద దాడి చేయకుండా. ఆ రేడియేషన్ రోగికి అంటదు.

అపోహ: కౌంట్ ఇంజెక్షన్ ఎక్కువ వేస్తే అన్నీ త్వరగా పెరుగుతాయి.

వాస్తవం: ఆ ఇంజెక్షన్, అంటే జీ-సీఎస్ఎఫ్, న్యూట్రోఫిల్స్‌ను కొన్ని రోజులు ముందుగా లేపుతుంది, అంతే. ప్లేట్‌లెట్లను, హిమోగ్లోబిన్‌ను పెంచదు. ఎముకల నొప్పులు మాత్రం ఉంటాయి.

అపోహ: తమ్ముడి బ్లడ్ గ్రూపు వేరు కాబట్టి దాతగా పనికిరాడు.

వాస్తవం: ముందు కలవాల్సింది హెచ్ఎల్ఏ, అంటే కణాల మీద ఉండే గుర్తింపు గుర్తులు. 'ఓ' గ్రూపు రోగికి 'బి' గ్రూపు తమ్ముడు కణాలివ్వొచ్చు. మెల్లగా రోగి గ్రూపే 'బి'కి మారుతుంది. ఇలాంటప్పుడు ఎర్రకణాలు ఆలస్యంగా రావచ్చు, డిశ్చార్జి తర్వాత కూడా కొన్నాళ్లు రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

అపోహ: కౌంట్ నార్మల్, ఇక పెళ్లిళ్లకు తిరగొచ్చు.

వాస్తవం: నాకు ఎక్కువ భయం దీని గురించే. న్యూట్రోఫిల్స్ వారాల్లో వస్తాయి. లింఫోసైట్లు పూర్తిగా తేరుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. చిన్నప్పటి టీకాలు మళ్లీ వేయించుకోవాలి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లాంటి లైవ్ టీకాలకు, అంటే బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినవాటికి, కనీసం రెండేళ్లు ఆగాలి. ఇంటికెళ్లాక జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. రాత్రి రెండైనా సరే, వార్డుకు ఫోన్ చేసి బయల్దేరండి.